వెనక చప్పుడు

బియ్యంలో రాళ్లు ఏరినట్టు పొద్దున్నే లేచి ఇంట్లో చప్పుళ్లు ఏరడం ఆమెకు అలవాటైపోయింది. ముందు కుళాయి. ఎంత బిగించినా కారే ఆ చుక్క తొట్టిలో కాకుండా మడత పెట్టిన గుడ్డ మీద పడేట్టు చూస్తుంది. తర్వాత గోడ గడియారం. దాని బ్యాటరీ ఊడదీసి అలమర మీద పెడుతుంది. ఫ్యాను రెండో నంబరు దాటితే కీచుమంటుంది గనక ఎంత ఉక్కపోసినా రెండు దగ్గరే ఆపాలి. కుక్కరు కూతలు పని మొదలవకముందే అయిపోవాలి. వీధి తలుపు గడియకు పాత గుడ్డపేలిక చుట్టి ఉంటుంది, వేసినా తీసినా కిక్కురుమనదు.

ఇవన్నీ ఏరేశాక ఇంట్లో మిగిలే చప్పుడు ఒక్కటే. దానికి ఆరో ఏడు నడుస్తోంది.

దాన్ని అందరూ ఉడత అంటారు. నడక రాకముందే కిటికీ ఊచలు పట్టుకుని పాకిన పిల్ల. మంచం మీంచి బల్ల మీదకి, బల్ల మీంచి తండ్రి భుజం మీదకి, నేలకు కాలానిస్తే నేరమన్నట్టు తిరిగేది. బడి ఉన్నన్నాళ్లూ సగం రోజు గండం గడిచేది. ఇప్పుడు ఎండాకాలం సెలవులు.

"ఏదీ, ఇంకోసారి చెప్పు. ఎర్రదీపం వెలిగితే?" అంది తల్లి, దాని జుట్టుకు రబ్బరు బ్యాండు వేస్తూ.

ఉడత పెదాల మీద వేలు పెట్టుకుంది.

"ఆకుపచ్చది వెలిగితే?"

"గుసగుస."

"దీపమే లేకపోతే?"

"అల్లరి!" అని అరవబోయి, అలవాటుకొద్దీ గొంతు తగ్గించేసింది.

ఆ దీపం చెవులకు పెట్టుకునే హెడ్‌సెట్టు తీగ మధ్యలో ఉంటుంది. కాల్ నడుస్తుంటే ఎరుపు, కాల్ కోసం కాచుకుంటుంటే ఆకుపచ్చ. ఇళ్లలో వాడుకునే మిషన్లమ్మే కంపెనీ అది. బట్టలుతికే మిషన్లు, ఫ్రిజ్‌లు, నీళ్లు వేడి చేసేవి. కొన్ననాడు నవ్వుతూ కొని, చెడిపోయిన రోజున నిప్పులు తొక్కినట్టు ఫోన్ చేసేవాళ్లకి సమాధానం చెప్పడం ఆమె పని. పడగ్గదిలో అలమరకూ మంచానికీ మధ్య చిన్న బల్ల. బల్ల వెనక గోడకు రెండు బొంతలు వేలాడదీసింది, మాట గోడకు తగిలి మోగకుండా. గుమ్మం దగ్గర ఉడత చాప. చాప మీద గుడ్డబొమ్మ, రంగుపెన్సిళ్లు. కింద పడితే మోగేది ఏదీ ఉండకూడదు. దాహమైతే బొటనవేలు, ఆకలైతే పొట్ట మీద చెయ్యి, ఒంటికి వెళ్లాలంటే చిటికెనవేలు. వెళ్లొచ్చాక నీళ్ల తొట్టి మీట నొక్కకూడదు. దీపం ఆరాక అమ్మ నొక్కుతుంది.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, మరక. కాల్‌లో తప్పు దొర్లితే ఆఫీసులో వేసే గుర్తుకు వాళ్లలో వాళ్లు పెట్టుకున్న పేరది. తప్పుల్లో అన్నిటికంటే చెడ్డది 'వెనక చప్పుడు'. ఇంటి నుంచి చేసినా సరే, ఆఫీసులో కూర్చుని మాట్లాడుతున్నట్టే అవతలివాళ్లకు అనిపించాలి. ఎవరి కాల్‌ని ఎప్పుడు వింటాడో తెలియని ఒక మనిషి ఈ మరకలు వేస్తాడు. అతని మొహం ఎవరూ చూడలేదు. టీమ్‌లో ఆడవాళ్లంతా కలిసి అతనికి చెవులాయన అని పేరు పెట్టారు.

ఆ సోమవారం పొద్దున్నే టీమ్ లీడరు ఫోన్ చేసింది. ఈమెకన్నా చిన్నది, అక్కా అని పిలుస్తుంది.

"అక్కా, ఈ వారమంతా చెవులాయన మన టీమ్ మీదే మకాం. శుభ్రంగా ఉన్నవాళ్లకి ఇంటి నుంచి పని ఖాయం చేస్తారట. మీకు ఇప్పటికే మరకలున్నాయి కదా, ఇంకొక్కటి పడిందంటే ఆఫీసుకి రమ్మంటారు. రాలేనంటే మానెయ్యమంటారు."

"ఆఫీసుకొస్తే దీన్ని ఎవరి ఒళ్లో పడెయ్యను? దీని నాన్న లారీ ఎక్కితే మళ్లీ ఎప్పుడు దిగుతాడో ఆయనకే తెలీదు."

"నా చేతిలో ఏముందక్కా. కుక్క మొరిగినా, పక్కింటాయన తుమ్మినా, ఆయన లెక్కలో అదంతా మీరే."

ఇద్దరూ నవ్వారు. ఫోన్ పెట్టేశాక ఆమె మరో పాత దుప్పటి తీసి గుమ్మానికి కూడా కట్టింది.

*

మర్నాడు మధ్యాహ్నం ఒక పెద్దావిడ కాల్ వచ్చింది.

"అమ్మాయ్, నా మిషను నడుస్తోంది."

"సంతోషమండి. మరి ఇబ్బంది ఏమిటండి?"

"నడుస్తోందంటే, నడిచొస్తోందమ్మా! వంటింట్లో పెట్టిన మిషను బట్టలు పిండుతూ పిండుతూ హాల్లోకొచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది. కాసేపట్లో వీధిలోకి పోయేట్టుంది."

ఆమె నవ్వు బిగబట్టింది. మిషను కింద నాలుగు కాళ్లుంటాయనీ, ఒక కాలు పొట్టిదైతే అలా గెంతుతుందనీ, మరను ఎటు తిప్పితే కాలు దిగుతుందో, అడుగున తడిమి చూడటమెలాగో నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టింది. పెద్దావిడకు వంగడం కష్టం. ఒక్కొక్క కాలూ తడుముకుంటూ, మధ్యలో ఊపిరి పీల్చుకుంటూ, "ఇదేనా? గుండ్రంగా ఉందే, ఇదేనా?" అంటోంది. ఈమె కళ్లు మూసుకుని అవతలి నేలని ఊహించుకుంటూ, "అదేనండి, కుడివైపుకి, ఇంకాస్త" అంటోంది.

కళ్లు తెరిచేసరికి ఎదురుగా ఉడత. చాప దాటి వచ్చేసింది. కింది పెదవి మీద రక్తం. అరచేయి చాపి ఉంది. అందులో బియ్యపుగింజంత పన్ను.

"అమ్మా," అంది గుసగుసగా. మొహం వెలిగిపోతోంది. "పన్నూడింది. నాదే. చూడు!"

చెవులు మూసుకుపోయే హెడ్‌సెట్టులోంచి అదేమీ వినపడలేదు ఆమెకు. పెదాల కదలిక మాత్రం కనిపించింది. చేత్తో వెనక్కి అన్నట్టు ఊపింది. ఉడత కదల్లేదు. మళ్లీ చెప్పింది, ఈసారి కొంచెం గట్టిగా.

"ఆగమ్మా," అంది పెద్దావిడ. "మీ దగ్గరెవరో చిన్నపిల్ల పన్నూడిందంటోంది. మీ పాపా? వెళ్లి చూసుకో తల్లీ, నేనుంటాన్లే. మిషనెక్కడికి పోతుంది, పోతే వీధి చివరిదాకా పోతుంది."

ఆమె చూపు ఎర్రదీపం మీదకి పోయింది. ఆ దీపం వెనక చెవులాయన ఉన్నాడో లేడో, ఎవరికి తెలుసు?

"లేదండి," అంది నున్నగా, తేనె రాసినట్టు. "ఇది ఆఫీసండి. ఇక్కడ పిల్లలెవరూ లేరండి."

అది అంటున్నప్పుడు కూతురి మొహంలోకి చూస్తూనే అంది. చూపు తిప్పుకోవాలని తోచలేదు.

"అలాగా," అంది పెద్దావిడ, కాస్త చిన్నబుచ్చుకున్న గొంతుతో. "అయితే నా చెవులే అయుంటాయి. ఈమధ్య లేనివి కూడా వినిపిస్తున్నాయిలే. ఏ కాలన్నావు, ఇదేనా?"

ఉడత పిడికిలి మూసింది. వెనక్కి నడిచింది. గోడవైపు తిరిగి చాప మీద కూర్చుంది.

కాల్ అయిపోయి దీపం మారగానే తల్లి పరుగున వెళ్లి దాన్ని ఒళ్లోకి లాక్కుంది. నోరు తెరిచి చూసింది. చీరచెంగుతో పెదవి తుడిచింది. "నా బంగారు కొండే! ఏదీ, పన్నేదీ?" అంది.

"లేదు."

"ఎక్కడ పెట్టావే?"

ఉడత భుజాలెగరేసింది. ఇంతలో తీగ మీద ఎరుపు వెలిగింది.

సాయంత్రం లీడరు గొంతు గంతులేసింది. "అక్కా, చెవులాయన విన్నాడు! మరక లేదు సరికదా, ఎంత బాగా సర్దేశారో అందరికీ వినిపించమన్నాడు."

పని ముగిశాక మీటింగులో వినిపించారు కూడా. వంటింట్లో కూరగాయలు తరుగుతూ, ఫోన్ గట్టిగా పెట్టి, తన గొంతు తనే వింది. ఇది ఆఫీసండి. ఇక్కడ పిల్లలెవరూ లేరండి. ఎవరో చప్పట్లు కొట్టారు. "అక్కా, ఆ గొంతు నాక్కాస్త అప్పివ్వు, మా కవలలు నా ప్రాణం తోడేస్తున్నారు" అంది ఇంకొకామె. అందరూ నవ్వారు. ఈమె కూడా నవ్వింది. చాలా రోజుల తర్వాత ఒకరు మెచ్చుకున్నారు, కాదనడమెందుకు? గట్టు కింద కూర్చుని బఠాణీ కాయలు ఒలుస్తున్న ఉడత మాత్రం నవ్వలేదు. మీటింగయ్యేదాకా ఫోన్ వైపు తలెత్తి శ్రద్ధగా వింది.

*

బుధవారం సాయంత్రం లారీ మనిషి, ఉడత నాన్న, దారిలో ఎక్కడో టీ తాగడానికి ఆగి ఫోన్ చేశాడు. ఆమె స్నానాల గదిలో బట్టలు పిండుతోంది. ఉడత ఎత్తింది.

"నమస్కారమండి," అంది.

"ఓహో, నమస్కారమండీ! మా ఉడతని పిలుస్తారా అండీ?"

"ఇక్కడ పిల్లలెవరూ లేరండి."

అవతల లారీ మనిషి పగలబడి నవ్వాడు. "అయితే మాట్లాడుతున్నది ఎవరండీ?"

"ఎవరూ లేరండి. మీకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నామండి."

తల్లి తడిచేతులతో వచ్చి ఫోన్ అందుకునేసరికి అతను దగ్గుతూ నవ్వుతున్నాడు. "ఏమే, దీనికి కూడా జీతమిస్తున్నారా ఏంటి? అచ్చం నీ గొంతే! దింపేసిందంతే!"

"మీకేం, నవ్వుతారు," అని తనూ నవ్వింది. నవ్వుతూనే కూతురివైపు చూసింది. అది ఆటలా చెప్పలేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పి, గుడ్డబొమ్మను పక్కలో పడుకోబెట్టి, దాని మూతి మీద వేలు పెడుతోంది.

చెత్తబుట్ట కింద పెట్టడానికి దిగితే మెట్ల దగ్గర టైలరమ్మ కనిపించింది. కింది వాటాలో మిషను కుడుతుంది. ఎప్పుడూ పెదాల మధ్య గుండుసూది, మెడలో టేపు.

"పిల్లని సెలవులకి ఎక్కడికైనా పంపావా అమ్మాయ్?" అంది సూది తీయకుండానే.

"లేదు పిన్నీ, ఇంట్లోనే ఉంది."

"సరేలే, నా దగ్గర దాపరికం దేనికి! పోయినేడు సెలవుల్లో నా నెత్తి మీద గుర్రాలు పరిగెత్తేవి. నా కత్తెర వంకరపోయి ఒకామె జాకెట్టుకి మూడు చేతులు పెట్టబోయాను. ఈ ఏడు చీమ చిటుక్కుమంటే ఒట్టు!"

"బుద్ధొచ్చింది పిన్నీ. పెద్దదవుతోంది కదా."

"మా మనవడికి కూడా కాస్త నేర్పించరాదూ ఆ బుద్ధేదో," అంది టైలరమ్మ, లోపలికి వెళ్లిపోతూ.

పొగడ్త విన్నట్టే ఉంది. కానీ మెట్లెక్కుతుంటే సగంలో కాళ్లు ఆగిపోయాయి. పైన తన ఇల్లు. తలుపు ఓరగా ఉంది, లోపల దీపం వెలుగుతోంది, లోపల అయిదు దాటిన పిల్ల ఉంది. చెవి పెట్టి వింది. ఎవరూ లేని ఇల్లు ఎలా ఉంటుందో అలా ఉంది.

గబగబా వెళ్లి హెడ్‌సెట్టు తీగను చుట్టి అలమరలో పడేసింది. "ఇదిగో, దీపం లేదు. అసలు తీగే లేదు. రా, అల్లరి చెయ్యి."

ఉడత తల్లి మొహంలోకి చూసింది.

"ఏం అల్లరి చెయ్యాలి?"

తల్లి పరుపు తట్టి చూపించింది. మంచమెక్కి గెంతమంది. ఉడత ఎక్కింది. మెల్లగా, పరుపు స్ప్రింగులు మోగకుండా, మునివేళ్ల మీద నాలుగుసార్లు గెంతి, చాలా అన్నట్టు చూసింది.

*

శుక్రవారం చెవులాయన వారంలో ఆఖరి రోజు. "ఈ ఒక్కరోజూ గట్టెక్కితే చాలక్కా" అని లీడరు పొద్దున్నే చెప్పింది. ఈమె కూతురికి పాలిచ్చి, తల నిమిరి, "ఈ ఒక్కరోజే తల్లీ" అంది. ఆ మాట వారమంతా అంటూనే ఉంది.

కాల్ మీద కాల్. మధ్యాహ్నం దాటాక ఒక కొట్టు యజమాని దొరికాడు. "ఫ్రిజ్‌లో దీపం వెలుగుతోందమ్మా, చలి మాత్రం లేదు. ముస్తాబుకేం తక్కువ లేదు. మీ కంపెనీకి నాలుక ఉందా, తాటిమట్టా? పొద్దుటి నుంచి నలుగురితో మాట్లాడాను!" అని మొదలెట్టి, ఆ నలుగురూ ఏమన్నారో ఒక్కొక్కరి గొంతూ అనుకరిస్తూ చెప్పుకొస్తున్నాడు. ఆమె "అవునండి, అర్థమైందండి" అంటూ తలెత్తింది.

చాప ఖాళీగా ఉంది. గుడ్డబొమ్మ బోర్లా పడుంది.

స్నానాల గదికి వెళ్లుంటుందిలే అనుకుంది. కొట్టాయన మూడో మనిషి దాకా వచ్చాడు. చాప ఇంకా ఖాళీ.

"ఒక్క నిమిషం లైన్లో ఉండండి, వివరాలు చూసి చెప్తాను," అని కాల్ ఆపి ఉంచి, హెడ్‌సెట్టు బల్ల మీద పెట్టి లేచింది. స్నానాల గదిలో లేదు. వంటింట్లో గట్టు కింద లేదు. మంచం కింద లేదు. వీధి గది దాకా మునివేళ్ల మీదే నడిచింది. తలుపు గడియ వేసి లేదు.

పొద్దున పాలు తెచ్చాక వేసిందో లేదో గుర్తు రాలేదు. ఆ గడియకు గుడ్డ చుట్టిన చెయ్యి తనదే. పిల్ల తీసుకుని వెళ్లినా తనకి వినపడదు. మెట్లు నాలుగేసి చొప్పున దిగింది. "పిన్నీ, ఉడత వచ్చిందా?" టైలరమ్మ మిషను చక్రం పట్టి ఆపింది. "లేదే! ఏమైందే?" వీధిలో అటూ ఇటూ చూసింది. ఎండ, నిలిపి ఉంచిన బళ్లు, నీడన పడుకున్న కుక్క. మళ్లీ పైకి పరిగెత్తింది. గుసగుసలు, సైగలు, మునివేళ్లు, అన్నీ ఎటు పోయాయో, గది మధ్యలో నిలబడి గొంతు చించుకుని అరిచింది.

"ఉడతా! ఒసేయ్ ఉడతా!"

జవాబు లేదు. మళ్లీ అరిచింది. ఆ అరుపుకి కిటికీ అద్దం అదిరింది.

అప్పుడు కనిపించింది, బల్ల వెనక బొంత అంచు కింద, రెండు పాదాలు. పాదాల చుట్టూ తడి.

బొంత పక్కకి లాగింది. అలమరకీ గోడకీ మధ్య సందులో, తన కుర్చీకి చెయ్యి చాపితే అందేంత దూరంలో, ఉడత నిలబడి ఉంది. మోకాళ్లు ఒకదానికొకటి ఒత్తుకుని ఉన్నాయి, కళ్లు తెరిచే ఉన్నాయి. ఎంతసేపటినుంచీ తన పక్కనే అలా నిలబడిందో.

"ఇంత అరుస్తుంటే పలకవేమే!"

ఉడత నోరు విప్పకుండా వేలు చూపించింది. బల్ల మీద తీగలో ఎర్రదీపం వెలుగుతోంది.

"నేను లేను కదా," అంది గుసగుసగా. తర్వాత ఇంకా చిన్న గొంతుతో, "వేలు చూపించాను. నువ్వు చూళ్లేదు. వెళ్తే చప్పుడవుతుంది. ఆపుకున్నా. అయిపోయింది. కొట్టకు."

ఆమె చెయ్యి దీపం మీదకి వెళ్లింది. అవతల కొట్టాయన ఉన్నాడు, ఆయన వెనక ఇంకెవరున్నారో. తీగ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. దీపం ఆరింది.

ఉడత ఆరిన దీపాన్ని కాసేపు చూసింది. నోరు తెరుచుకుంది. ముందు శబ్దం రాలేదు, గాలి మాత్రమే వచ్చింది. మోటారులో గాలి చొరబడితే ముందు బుసబుసమని ఆ తర్వాత నీళ్లు విరుచుకుపడతాయే, అలా వచ్చింది ఏడుపు. తల్లి దాన్ని తడిబట్టలతోనే చంకనేసుకుంది. అది తల్లి భుజాన్ని పిడికిళ్లతో కొడుతూ, కాళ్లు తన్నుకుంటూ, ఇల్లెగిరిపోయేట్టు ఏడ్చింది. టైలరమ్మ రొప్పుతూ గుమ్మంలోకి వచ్చి, విని, చెంగుతో మొహం తుడుచుకుని, "ఉందిలే. గొంతుంది" అని దిగిపోయింది.

ఏడుపు వెక్కిళ్లలోకి వచ్చేసరికి ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"నేను క్వాలిటీ నుంచండి."

చెవులాయన. పీలగొంతు, మెత్తటి మాట. ఇన్నాళ్లూ ఆమె బొంగురుగొంతు ఊహించుకుంది.

"ఆ కొట్టాయనకి వేరేవాళ్లతో మాట్లాడించానండి. దాని సంగతి వదిలెయ్యండి. మీరు కాల్ ఆపి ఉంచినా మాకు మీ వైపుది వినిపిస్తూనే ఉంటుంది. విన్నాను."

"చెప్పండి."

"ఉడతా ఉడతా అని అరిచారు," అన్నాడు. "ఇంట్లోకి ఉడత దూరిందా అండి?"

చంకలో ఉడత వెక్కుతోంది. ఆ వెక్కు అతనికి వినపడకుండా ఎలా ఉంటుంది, పొట్టకూటికి వినేవాడే ఆయె.

"జంతువులేవైనా ఇంట్లో దూరితే అది మరక కాదండి," అన్నాడు అతను నెమ్మదిగా, ఒక్కొక్క మాటా బల్ల మీద పెడుతున్నట్టు. "అనుకోని ఘటన కింద పక్కన పెట్టేయొచ్చు. మీ పనికి ఢోకా ఉండదు. మంగళవారం కాల్ చాలా బాగా చేశారు మీరు. ఉడత దూరింది, తరిమాను, అంటే చాలు. అలాగే రాయనా?"

ఎంత మంచి మనిషి. నిజంగానే మంచి మనిషి. ఔనంటే చాలు. ఇల్లు, జీతం, పిల్ల బడి నుంచి వచ్చే వేళకి గుమ్మంలో తను, అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. నాలుక చివర ఆ మాట అప్పుడే తేనె రాసుకుని నిలబడింది కూడా.

ఉడత భుజం మీంచి తలెత్తింది. వెక్కిళ్లు ఆపుకోవడానికి రెండు చేతులతో మూతి మూసుకుంది.

తల్లి ఆ చేతులు రెండూ పట్టుకుని కిందకి దించింది.

"కాదండి," అంది. ఫోన్లో మాట్లాడే గొంతు కాదు, కూరగాయల బండి దగ్గర బేరమాడే గొంతు. "ఉడతంటే జంతువు కాదు. నా కూతురు. ఇంట్లోనే ఉంటుంది. మంగళవారం కూడా ఉంది. పన్నూడిందని చెప్పింది ఇదే. ఆ పెద్దావిడ చెవులు శుభ్రంగా ఉన్నాయి."



"అలా అంటే ఇంక నేను చెయ్యగలిగింది ఉండదమ్మా," అన్నాడు.

"తెలుసండి."

"సోమవారం నుంచి ఆఫీసుకి రమ్మంటారు. రాలేనంటే..."

"అదీ తెలుసండి."

"వెనక చప్పుడు అన్న చోట, పిల్ల, అని రాస్తాను."

"కూతురు అని రాయండి."

కీబోర్డు మీద వేళ్లు కదులుతున్న చప్పుడు ఫోన్లోంచి సన్నగా వినిపించింది. ఉడత చెవి దగ్గరగా పెట్టి అది వింది. ఇంకా ఆగని వెక్కిళ్ల మధ్య అడిగింది, గట్టిగానే.

"ఎవరమ్మా?"

"ఆఫీసాయన."

"నేనున్నానని చెప్పావా?"

"చెప్పాను."

"మరేమన్నాడు?"

"రాసుకుంటున్నాడు," అంది తల్లి.